రోగి జాడ: గోడమీది బోర్డు, యంత్రపు తెర

పెద్ద ఆసుపత్రిలోని అత్యవసర విభాగమును, అనగా మనము క్యాజువాలిటీ అని పిలుచుకొను చోటును, రాత్రివేళ చూచినవారికి అది సంతవలె తోచును. ఒకరిని స్ట్రెచరుమీద తెచ్చుచుందురు. ఒకరిని ఎక్స్‌రేకు తీసికొనిపోవుచుందురు. ఒకరు రక్తపరీక్ష ఫలితమునకై కాచుకొనియుందురు. ఈ సందడిలో ఒక వృద్ధుడు ఛాతీనొప్పితో వచ్చి మూలనున్న బెంచీమీద కూర్చుండెననుకొందము. ఆయన కేకలు వేయడు. వెంట వచ్చినవారును నోరుగలవారు కారు. ఆయన అచ్చట నున్నాడను సంగతి ఎవరు జ్ఞాపకముంచుకొనవలెను?

ఏ ఒక్కరి జ్ఞాపకశక్తియు దీనికి చాలదు. అందుచేతనే పాశ్చాత్యదేశముల ఆసుపత్రులలో చిరకాలము గోడకొక తెల్లని బోర్డు ఉండెడిది. గళ్లు గీసి, మంచము సంఖ్య, రోగి పేరు, బాధ, చూచు వైద్యుడు, పంపిన పరీక్షలు అందులో వ్రాసెడివారు. మన ఆసుపత్రులలో లావుపాటి రిజిస్టరును, రోగివెంట తిరుగు కేసుషీటును ఆ పని చేసినవి.

ఆ బోర్డును చులకన చేయరాదు. దారిన పోవు నర్సు ఒక్క చూపుతో విభాగమంతటి స్థితిని గ్రహించును. డ్యూటీ మారునప్పుడు వైద్యులు దానిముందు నిలిచి ఒక్కొక్క పేరును చర్చించి అప్పగింతలు పెట్టుకొందురు. అమెరికాలో రాబర్ట్ వేర్స్, షానా పెర్రీ మొదలగువారు ఈ బోర్డులను పరిశీలించి, ఇవి పైవారు రూపొందించి యిచ్చినవి కావనియు, వాడువారే తమ యవసరమునుబట్టి తీర్చుకొన్న పనిముట్లనియు గుర్తించిరి. ఒక చుక్కకో, ఒక రంగునకో అచ్చటివారికి మాత్రమే తెలిసిన అర్థముండును.

అయినను చొక్కాచేయి తగిలిన పేరు చెరిగిపోవును. తుడిచిన పిదప ఆ రోగి యెప్పుడు వచ్చెనో, ఎంతసేపు కాచుకొనెనో చెప్పు సాక్ష్యమే యుండదు. పై అంతస్తులోని నిపుణునికి ఆ బోర్డు కనబడదు. దారిన పోవు పరాయివానికి మాత్రము కనబడును.

ఇంగ్లండులో 2000వ సంవత్సరపు ఆరోగ్యప్రణాళిక, అత్యవసర విభాగమునకు వచ్చిన రోగి నాలుగు గంటలకు మించి అందుండరాదని లక్ష్యము పెట్టినది. నిమిషములు లెక్కింపవలసివచ్చినప్పుడు గడియారమున్న పట్టిక కావలెను గదా! మాంచెస్టరు పద్ధతిలో ఎరుపు గుర్తు పొందిన రోగిని తక్షణమే, నారింజరంగువానిని 10 నిమిషములలో, పసుపువానిని 60 నిమిషములలో, ఆకుపచ్చవానిని 120, నీలపువానిని 240 నిమిషములలో చూడవలెను. కంప్యూటరు తెరమీద ఈ గడువు దాటగానే హెచ్చరిక వెలుగునట్లు ఏర్పరచవచ్చును. ప్రయోగశాల ఫలితము సిద్ధమైన తోడనే ఆ పేరుకెదురుగా కనబడును. మన వృద్ధుని వంటి మౌనులకు ఇది గొప్ప అండ.

కాని తెర తనంతట తాను ఏమియు చూడదు. రద్దీ హెచ్చినకొలది నర్సు చేతులు రోగిమీద నుండును. టైపు చేయుట వెనుకబడును. అప్పుడు తెర చూపునది అరగంట క్రిందటి సంగతి. నమోదు కాని రోగికి ఏ హెచ్చరికయు వెలుగదు.

ఇంతకంటె పెద్ద యిబ్బంది యొకటి కలదు. 2017 మే 12న వానాక్రై అను దుష్టప్రోగ్రాము అనేకదేశముల కంప్యూటర్లకు తాళము వేసి సొమ్మడిగినది. ఇంగ్లండులో 236 ఆరోగ్యట్రస్టులలో కనీసము 80 ట్రస్టుల పని చెడినది. ఐదు ప్రాంతములలో అత్యవసర రోగులు మరింత దూరపు ఆసుపత్రులకు పోవలసివచ్చినది. 2022 నవంబరులో ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థపై ఇట్టి దాడియే జరుగగా, పెక్కుదినములు రోగుల నమోదు చేతివ్రాతతోనే సాగినది.

ఆ దినములలో కలము పట్టి పనిచేయగలిగిన వారెవరు? బోర్డు అలవాటున్న పాతతరమువారు. ఆసుపత్రిలో అడుగిడినది మొదలు తెరనే చూచిన యువతీయువకులకు, ఏ గడిలో ఏమి వ్రాయవలెనో ఎవరు నేర్పిరి?

తెరను తీసివేయుమని నేననను. గళ్లు గీసిన కాగితములు బీరువాలో సిద్ధముగా నుండవలెను. కొన్ని నెలలకొకసారి ఒక పూట వానితోనే పని నడపి చూడవలెను. యంత్రము తిరిగి మేల్కొన్న పిమ్మట ఆ కాగితములలోని మందులను, వేళలను తప్పులేకుండ మరల ఎక్కించుటకు మనుష్యులను ముందే కేటాయింపవలెను. ఆ పని రాత్రి డ్యూటీ ముగించుకొని అలసియున్న నర్సుమీద పడరాదు.