నేర్పగలిగిన నాడే శిక్షణ పూర్తి

(బెళుగుప్పలో పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుని మనం ఏటా ఈ రోజున కలుస్తుంటాం. కరువు భత్యం, బకాయిలు, హెల్త్ కార్డులు మనం మామూలుగా మాట్లాడుకునే విషయాలు. ఈసారి కార్యదర్శిగారు నన్ను తల్లీబిడ్డల ఆరోగ్యం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను, ఫైళ్లు రాసిన గుమాస్తాను. అయినా ఒప్పుకోవడానికి ఒక కారణముంది.

1976లో మా చెల్లెలికి ఇంట్లోనే తొలికాన్పు అయింది. బిడ్డ క్షేమంగా పుట్టింది. ఆ తర్వాత రక్తస్రావం ఆగలేదు. మంత్రసాని తనకు తెలిసినదంతా చేసింది. పెద్దలు "తెల్లవారనీ, పోదాం" అన్నారు. ఆ ఇంట్లో చదువుకున్నవాణ్ణి, సర్కారు ఉద్యోగం చేసేవాణ్ణి నేనొక్కణ్ణే. బండి కట్టండని నేను అనలేదు. తెల్లవారినాక కల్యాణదుర్గం దారిలో, బండిలోనే ఆమె పోయింది. కాన్పు తర్వాత ఆగని రక్తం కొద్ది గంటల్లోనే ప్రాణం తీస్తుందని మాలో ఒక్కరికీ తెలియదు.

తర్వాత నౌకరీలో ఒకచోట ఆరోగ్య శిక్షణా తరగతుల బిల్లులు నా టేబులు మీదికి వచ్చేవి. హాజరు పట్టీ, ప్రయాణ భత్యం, టీ ఖర్చు పైసాతో సహా సరిచూసేవాణ్ణి. "శిక్షణ పొందినవారు 30" అని రాసి ఫైలు మూసేవాణ్ణి. ఆ ముప్పైమందిలో ఎందరు ఇంకొకరికి నేర్పగలరో రాయడానికి ఆ పట్టీలో గడి లేదు. ఎందుకు లేదని నేనూ అడగలేదు.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకే నవజాత శిశు సంరక్షణ నేర్పారు. అక్కడ తల్లులతో పాటు అవ్వలకు కూడా బోధించారు. ఆ పల్లెల్లో నవజాత శిశు మరణాలు 60 శాతానికి పైగా తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 2005లో ఆశా కార్యకర్తల పథకం వచ్చింది. అదే ఏడు ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 వాహనాలు మొదలయ్యాయి. లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 154 ఉంటే, 2018-20 నాటికి మన రాష్ట్రంలో 45కు దిగాయి. ఇది సామాన్యమైన మార్పు కాదు.

అయితే మిగిలిన ఆ 45 మందీ ఎవరో ఒకరి చెల్లెళ్లే. ఆస్పత్రిలో కాన్పయిన బాలింత ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది. అంటే ఆరు రోజులు. మిగతా ముప్పై ఆరు రోజులూ ఇంట్లో ఉండేదెవరు? మన పల్లెల్లో వానలు లేక కొడుకులు బెంగుళూరుకు పనికి పోతే, బాలింతకు తోడుండేది అవ్వా తాతలమే. అందుకే ఆశా కార్యకర్తకు వైద్యం నేర్పితే చాలదు, నేర్పడం కూడా నేర్పాలి.

ఆ పద్ధతి కష్టమైనది కాదు: చూపించాలి, చేయించాలి, తిరిగి చెప్పించాలి. బొమ్మను పెట్టి, పుట్టిన బిడ్డను తుడిచి తల్లి ఎదకు ఆనించి కప్పడం చేయించాలి. గడియారం పెట్టి నిండా ఒక నిమిషం శ్వాస లెక్కపెట్టించాలి. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 గాని అంతకు మించి గాని వస్తే ప్రమాదం. డొక్కలు ఎగరేసినా, పాలు తాగడం మానినా, ఒళ్లు చల్లబడినా ఆలస్యం చేయరాదు. తల్లికి రక్తస్రావం ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా, కళ్లు మసకబారేంత తలనొప్పి వచ్చినా, జ్వరం వచ్చినా అంతే. "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలాడిస్తారు. "ఏదీ, నువ్వు చెప్పమ్మా" అని అత్తగారిని అడిగినప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

శిక్షణ ఇచ్చే అధికారులకు నా విన్నపం ఒక్కటే. హాజరు పట్టీలో ఇంకొక గడి వేయండి: "ఈమె ఎవరికి నేర్పింది? వారు తిరిగి చెప్పగలిగారా?"

తోటి పెన్షనర్లకు రెండు మాటలు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు "ఆడవాళ్ల విషయం" అని లేచిపోకండి, కూర్చుని వినండి. ఇంట్లో "పోదాం" అనే మాట మన నోటి నుంచే రావాలి. రాత్రి అయినా సరే, తెల్లవారే దాకా ఆగకండి. 108కు ఫోన్ చేయండి.

నా చెల్లెలి కూతురికి ఇప్పుడు యాభై ఏళ్లు ఉంటాయి. తల్లిని చూడలేదు. ఆ బిడ్డకు నేను చెప్పలేకపోయిన సమాధానమే ఈ రోజు మీ ముందు చెప్పుకున్నాను.