ఊరి గ్రంథాలయం పంచాయతీ చేతికి

రాయచూరు జిల్లాలో తుంగభద్ర ఎడమ కాలువ కింద, సింధనూరు చుట్టూ తెలుగు రైతులు స్థిరపడిన క్యాంపులున్నాయి. దేవదుర్గ, మాన్వి వైపు నాయక తెగవాళ్లు ఎక్కువ. ఈ ఊళ్ల పిల్లలకు బడి పుస్తకం కాని పుస్తకం దొరకాలంటే పంచాయతీ గ్రంథాలయమే దిక్కు.

కర్ణాటకలో గ్రంథాలయ చట్టం 1965 నాటిది. ఆస్తి పన్ను మీద రూపాయికి ఆరు పైసలు గ్రంథాలయ సెస్సు. పన్నే అంతంతమాత్రమైన ఊళ్లో ఆ పైసలు అల్మారాకైనా చాలవు! అందుకే పైనుంచి సాయం కావాలి. 2019లో గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ శాఖకు అప్పగించారు. రాష్ట్రమంతటా ఇవి ఐదు వేలకు పైనే. మరుసటి ఏడు నవంబరులో పిల్లల చేత చదివించే ‘ఓదువ బెళకు’ (చదువు వెలుగు) కార్యక్రమం మొదలైంది. పిల్లలకు సభ్యత్వం ఉచితం. గ్రంథాలయ పర్యవేక్షకుల శిక్షణకు మైసూరులో అబ్దుల్ నజీర్ సాబ్ పేరిట ఉన్న రాష్ట్ర సంస్థ ఆసరా.

నా మట్టుకు, పుస్తకాలకు నంబర్లు వేయడం ఎవరైనా నేర్చుకుంటారు. బెరుకు పిల్లాణ్ణి కూర్చోబెట్టి కథ చదివించడమే అసలు శిక్షణ. క్యాంపుల్లో అది తెలుగులోనూ జరగాలి. పుస్తకాలు కొనే ముందే, గ్రామసభలో మీకు కావలసిన తెలుగు పుస్తకాల జాబితా రాసివ్వండి.