విదేశ మార్గములందు పోలీసు నిలుపుదల – మనవారి కర్తవ్యము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యాభివృద్ధినిగూర్చియు, వసతిగృహముల నిర్వహణమునుగూర్చియు, వివాహవ్యయములను తగ్గించుటనుగూర్చియు పెద్దలు ఈ వేదికనుండి ప్రసంగించుట మీకు పరిపాటియే. నేడు నాకు నియమింపబడిన విషయము కొంత వింతగా దోచవచ్చును. అమెరికా సంయుక్తరాష్ట్రములలో మోటారుకారు నడుపుకొనుచు పోవు మన బిడ్డను అచ్చటి పోలీసు ఉద్యోగి నిలిపినచో, ఆ బిడ్డ యేమి చేయవలయును, ఏమి చేయరాదు అనునదియే ఆ విషయము. ఇది మన మహాసభకేల యని తలంపకుడు. కొడుకో, కూతురో, అల్లుడో, మేనకోడలో ఆ దేశమున లేని కుటుంబములు ఈ సభలో కొలదిగనే యుండును. న్యూయార్కువంటి కొన్ని నగరములను మినహాయించినచో, అచ్చట కారు లేనిదే కూరగాయలు తెచ్చుకొనుటయు కష్టము. విమానము దిగిన కొలదిమాసములకే మన విద్యార్థి చక్రము పట్టును. చక్రము పట్టినవాడు ఎప్పుడో యొకప్పుడు తన వెనుక ఎఱ్ఱని, నీలపు దీపములు మినుకుమినుకు మనుటను చూడవలసివచ్చును.

నేను చెప్పదలచిన ముఖ్యాంశమును ముందుగనే మనవి చేసెదను. ఇచ్చట మర్యాద యనిపించుకొను నడవడియే అచ్చట ఆ క్షణమున ప్రమాదకరము కావచ్చును. రోడ్డుప్రక్క న్యాయము తేల్చుకొను చోటు కాదు; దానికి న్యాయస్థానము వేఱుగ కలదు. ఈ రెండు మాటలు మనస్సున నాటుకొన్నచో తక్కినదంతయు వానినుండియే తెలియును.

మన పట్టణములలో ట్రాఫిక్కు పోలీసు చేయెత్తి నిలిపినపుడు మనవాడేమి చేయును? బండి ప్రక్కకు తీయును. వెంటనే దిగును. కాగితములు చేతబట్టుకొని ఆయన యొద్దకు నడచిపోయి, "అయ్యా" యని నిలుచుండును. కూర్చున్నచోటనుండియే మాటలాడుట పొగరుబోతుతన మని మన భావన. అమెరికాలో ఇట్లు దిగి తనవైపు నడచివచ్చువాడు ఆ యుద్యోగి కంటికి విధేయునివలె కానరాడు. మీదికి వచ్చువానివలె కానవచ్చును. మనవాడు వినయమున చేసిన పని ఆతనికి భయహేతు వగును.

ఆ భయమునకు కారణము లేకపోలేదు. 1791లో చేర్పబడిన రాజ్యాంగపు రెండవ సవరణవలన ఆ దేశమున ప్రజలకు ఆయుధములుంచుకొను హక్కు కలదు. నిలిపిన కారులో నెవరున్నారో, వారి చేతిలో నేమున్నదో ఆ యుద్యోగికి తెలియదు, పలుమార్లు ఆతడొంటరివాడు. ఈ యపాయమును గుర్తించియే అచ్చటి సర్వోన్నత న్యాయస్థానము 1977లో పెన్సిల్వేనియా – మిమ్స్ వ్యాజ్యమందు, న్యాయముగా నిలిపిన కారునుండి చోదకుని దిగుమని యాజ్ఞాపించు నధికారము పోలీసునకు కలదని తీర్పు చెప్పెను. 1997లో మేరీల్యాండు – విల్సన్ వ్యాజ్యమందు ఆ యధికారమును తోడి ప్రయాణికులకును వర్తింపజేసెను. కావున దిగుమన్నపుడు దిగవలయును. చెప్పక మునుపు దిగరాదు.

చేతులను కదల్చుటలో నెంత జాగరూకత కావలయునో తెలిపెడు దుఃఖకరమైన సంఘటన యొకటి కలదు. 2016 జూలై 6వ తేదీన మిన్నెసోటా రాష్ట్రమందలి ఫాల్కన్ హైట్సులో ఫిలాండో కాస్టీలు అను నల్లజాతి యువకుని కారును పోలీసులు నిలిపిరి. ఆయన తనయొద్ద తుపాకి కలదని తానే తెలిపెను. దానికి అనుమతిపత్రమును కలదు. క్షణములలో ఉద్యోగి కాల్పులు జరుపగా ఆయన మరణించెను. వెనుక సీటులో నాలుగేండ్ల బాలిక కూర్చుండియుండెను. ఆయన తుపాకి తీయుచున్నాడని తాను భయపడితినని ఉద్యోగి చెప్పెను. 2017లో జ్యూరీ ఆ యుద్యోగిని నిర్దోషి యని విడిచెను. ఇందు న్యాయాన్యాయములనుగూర్చి ఆ దేశమున నేటికిని వాదము కలదు. జాగ్రత్త సర్వరక్షకమని నేను చెప్పజాలను. మన చేతిలోనున్నది మాత్రము మనము చేయవలయును. నిలుపుదలలలో నత్యధికము హెచ్చరికతోనో, టిక్కెట్టుతోనో ముగియునను మాటయు మఱవరాదు. బెదరినవాడు అక్కఱలేని కదలికలు చేయును.

ఇక చేయవలసిన పద్ధతి. వెనుక దీపములు కనబడగనే వేగము తగ్గించి, సంజ్ఞ చూపి, కుడివైపు అంచునకు చేర్చి నిలుపవలయును. ఆ దేశమున వాహనములు కుడివైపున నడచునని మీ రెఱుగుదురు. చీకటిలో, నిర్జనప్రదేశమున, గుర్తులు లేని వాహనము వెంబడించినచో, హెచ్చరిక దీపములు వెలిగించి మెల్లగా వెలుతురున్న చోటికి పోవుచు 911కు ఫోను చేసి విచారింపవచ్చును. నిలిపిన పిదప ఇంజను ఆపి, అద్దము దింపి, రాత్రియైనచో లోపలి దీపము వెలిగించి, రెండు చేతులను చక్రముపై నుంచి కదలక కూర్చుండవలయును. ఫోను చేతబట్టరాదు. ఉద్యోగి యడుగకమునుపు జేబులోగాని, సంచిలోగాని, ముందరి పెట్టెలోగాని చేయి పెట్టరాదు. అడిగినపుడు, "లైసెన్సు నా జేబులో నున్నది, తీయుచున్నాను" అని ముందు చెప్పి, పిదప మెల్లగా తీయవలయును.

చూపవలసినవి సాధారణముగా మూడు: లైసెన్సు, కారు రిజిస్ట్రేషను, బీమా పత్రము. క్రొత్తగా పోయినవారు ఇచ్చటి రవాణాశాఖ యిచ్చు అంతర్జాతీయ అనుమతిపత్రమును తీసికొనిపోవుదురు. 1949 నాటి జెనీవా యొడంబడిక ననుసరించి యిచ్చు ఆ పత్రము ఒక సంవత్సరమే చెల్లును; అది స్వదేశపు లైసెన్సునకు తోడుగా నుండవలసినదేకాని, దానికి మాఱు కాదు. ఎంతకాలము దానితో నడుపవచ్చునో ఒక్కొక్క రాష్ట్రము ఒక్కొక్క తీరున నిర్ణయించుకొన్నది. అచ్చట నివాస మేర్పఱచుకొన్నవారు ఆ రాష్ట్రపు లైసెన్సు పొందుటయే క్షేమము. మఱియు పదునెనిమిదేండ్లు నిండిన విదేశీయులు తమ నమోదు పత్రమును ఎల్లప్పుడు వెంట నుంచుకొనవలయునని అచ్చటి కేంద్రశాసనము విధించుచున్నది. మన యింటిపేర్లు ముందును, పేర్లు వెనుకను వచ్చుటచే పత్రమునకు పత్రమునకు పేరు మాఱుచుండును. అన్నిటను ఒకే తీరుగా నుండునట్లు ప్రయాణమునకు ముందే సరిచూచుకొనుడు.

ఉద్యోగి తఱచుగా నడుగు మొదటి ప్రశ్న, "నిన్నెందులకు ఆపితినో యెఱుగుదువా?" అనునది. మనవాడు వినయముకొలది, "క్షమింపుడు, ఆలస్యమైనందున వేగముగా వచ్చితిని" అనును. అది క్షమాపణగా కాక అపరాధాంగీకారముగా వ్రాసికొనబడును. "తాము సెలవిచ్చినచో వినెదను" అనుట చాలును. అబద్ధము మాత్రము ఎన్నడును చెప్పరాదు. ఎచ్చటినుండి వచ్చుచున్నావు, ఎచ్చటికి పోవుచున్నావు అను ప్రశ్నలకు సమాధానము చెప్పక తీరదను నిర్బంధము లేదు. "సమాధానము చెప్పదలచుకొనలేదండి" యని మృదువుగా ననవచ్చును.

కారును సోదా చేయవచ్చునా యని ఉద్యోగి యడిగినపుడు మఱియొక చిక్కు కలదు. మనము సరే యనుటకు తల నటునిటు ఆడింతుము. వారి కది కాదనుటగా తోచును. వద్దనవలసినచోటను మొగమాటమున సరే యందుము. కావున తల యాడింపక, అవును కాదు అను మాటలనే స్పష్టముగా పలుకవలయును. రాజ్యాంగపు నాలుగవ సవరణ అకారణమైన సోదాలను నిషేధించుచున్నది. కాని అంగీకరించినవానికి ఆ రక్షణ యుండదు. అంగీకరింపకుండవచ్చునని పోలీసు తానై చెప్పనక్కఱలేదని 1973లో సర్వోన్నత న్యాయస్థానము ష్నెక్‌లాత్ – బుస్టామాంటే వ్యాజ్యమందు నిర్ణయించెను. "నేను సమ్మతింపను" అని యొక్కమాఱు మర్యాదగా చెప్పవలయును. అటుపైనను సోదా చేసినచో అడ్డుపడరాదు, చేయి పట్టరాదు. ఆ సమ్మతిలేమి పిదప న్యాయస్థానమున పనికివచ్చును.

అట్లే, ఏ యనుమానమును లేక లైసెన్సు పరీక్షకొఱకు మాత్రమే యొక కారును ఇచ్చవచ్చినట్లు ఆపరాదని 1979లోను, నిలిపిన పని ముగిసిన పిదప వేఱు కారణము లేక నిలువబెట్టరాదని 2015లోను ఆ న్యాయస్థానమే చెప్పెను. ఐనను మిక్కిలి చిన్న యుల్లంఘనమైనను నిలుపుటకు చాలునని 1996లో చెప్పియున్నది. ఈ తీర్పులను రోడ్డుప్రక్క ఉద్యోగికి వినిపింపబోవుట అవివేకము. ఉద్యోగి పేరు, సంఖ్య, కాలము, స్థలము జ్ఞాపకముంచుకొని, యింటికి రాగానే వ్రాసియుంచుకొని, న్యాయవాదికి చూపవలయును.

టిక్కెట్టు ఇచ్చి సంతకము చేయుమన్నపుడు కొందఱు భయపడి నిరాకరింతురు. అనేక రాష్ట్రములలో ఆ సంతకము హాజరగుదునను వాగ్దానమే గాని తప్పు నొప్పుకొనుట కాదు. నిరాకరించినచో నిర్బంధింపబడుటయు సంభవించును. ద్రవ్య మిచ్చి మాటుమణచవచ్చునను తలంపు కలలోనైనను రారాదు. నోటు చేతికి తీసికొనుటయే లంచమునకు ప్రయత్నమను గొప్ప నేరమగును. మన సంఘమున పెద్దల పేరు చెప్పుటయు, ఫలానావారి బంధువుననుటయు అచ్చట చెల్లని నాణెములు. గడువులోపల రుసుము చెల్లింపవలయును, లేదా న్యాయాధికారి యెదుట వాదింపవలయును. టిక్కెట్టును బల్ల సొరుగులో మఱచినవానికి లైసెన్సు నిలిచిపోవుటయు, వారంటు పుట్టుటయు కలదు.

విదేశీయుడగు విద్యార్థికి దీనివలన ఇంకను గొప్ప నష్టము కలుగవచ్చును. 2025 వసంతమున అచ్చటి ప్రభుత్వము వేలకొలది విదేశవిద్యార్థుల నమోదును పోలీసు దాఖలాలతో సరిచూచి రద్దుచేసెను. వారిలో మనదేశపు విద్యార్థులు అనేకులు. కొందఱి పేరట నుండినవి వాహనసంబంధమైన స్వల్పవిషయములే. న్యాయస్థానములలో వ్యాజ్యములు వేయగా ఏప్రిలు మాసాంతమున నమోదును పునరుద్ధరించెదమని ప్రభుత్వము తెలిపెను. అప్పుచేసి బిడ్డను పంపిన తండ్రికి ఆ కొలదివారములు ఎట్లు గడచియుండునో ఊహింపుడు. ఇక మద్యపానము చేసి నడుపుటనుగూర్చి చెప్పనేల? రక్తమున 0.08 శాతము, యూటా రాష్ట్రమున 0.05 శాతము మద్యమున్నచో నేరము. నేరనిర్ణయము కాకమునుపే, నిర్బంధింపబడిన మాత్రముననే వీసా రద్దగుట కలదు. త్రాగినవాడు చక్రము ముట్టరాదు. ఇందు మినహాయింపు లేదు.

నిర్బంధమే సంభవించినచో, మౌనముగా నుండుటకును, న్యాయవాదిని కోరుటకును హక్కు కలదు. 1963 నాటి వియన్నా యొడంబడికలోని 36వ అధికరణము ననుసరించి భారత దౌత్యకార్యాలయమునకు తెలియజేయుడని కోరవచ్చును. వాషింగ్టనునందలి రాయబార కార్యాలయమునే గాక న్యూయార్కు, చికాగో, హ్యూస్టను, అట్లాంటా, శాన్ ఫ్రాన్సిస్కో, సియాటిలు నగరములలో మన కాన్సులేటులు కలవు.

ఇచ్చటినుండి పిల్లల యింటికి పోవు తలిదండ్రులకును ఒక మాట. కొడుకును పోలీసు ఆపినంతనే తల్లి వెనుక సీటునుండి దిగి బ్రతిమాలుటయు, తండ్రి తెలుగున గట్టిగా మందలించుటయు సహజము. ఆ రెండును బిడ్డకు మేలు చేయవు. చేతులు ఒడిలో నుంచుకొని మౌనముగా కూర్చుండుడు. 2015 ఫిబ్రవరిలో ఆలబామా రాష్ట్రమందలి మాడిసన్ పట్టణమున, కుమారుని యింటికి వచ్చి వీథిలో నడచుచుండిన గుజరాతు వృద్ధు నొకనిని పోలీసు లాపిరి. ఆంగ్లము రాక ఆయన సమాధానము చెప్పలేకపోయెను. ఉద్యోగి యొకడు నేలబడవేయగా మెడకు గాయమై శస్త్రచికిత్స జరుగవలసివచ్చెను. ఆయన చేసిన తప్పేమియు లేదు. కావున ఆంగ్లము రాని పెద్దలు తమ పేరు, బస చిరునామా, బిడ్డ ఫోను సంఖ్య, తాము మాటలాడునది తెలుగు అను సంగతి ఆంగ్లమున వ్రాసిన చీటిని మెడలోనో, చొక్కా పైకి కనబడునట్లో ధరించుట మంచిది. జేబులోనుండి వెదకి తీయవలసిన యక్కఱ ఉండరాదు.

సోదరులారా! విద్యార్థివేతనములకై మనము చందాలు వేసికొనుచున్నాము. విదేశమునకు పోవువానికి పూలమాల వేసి ఛాయాపటము తీయించుచున్నాము. ఆ మాల వేయుదినముననే ఒక గంటసేపు ఈ విషయములు బోధించు నేర్పాటు మన సంఘము చేయరాదా? అచ్చట స్థిరపడిన మనవారిలో న్యాయవాదులున్నారు; ఏండ్ల తరబడి కారు నడిపినవారున్నారు. క్రొత్తవానికి ఒక గంట బోధింపుమన్నచో వారు కాదనరు. చదువునకు పది లక్షలు వెచ్చించు తండ్రి, చేతులు చక్రముపై నుంచుమను ఒక్కమాట చెప్పక పంపుట తగదు.

ఈ తీర్మానమును వచ్చు కార్యనిర్వాహకవర్గ సమావేశమున నాలోచింపవలసినదిగా ప్రార్థించుచున్నాను.