పాతకారు నేల, దానిని కప్పిన తారుపొర



ఈ దినము నేను మాటాడబోవు విషయము పైకి మిక్కిలి చిన్నది. పాత మోటారుకారు లోపలి నేలకు అంటించియుండు తారుపొరను తీసివేయుటను గురించి నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇంత మాత్రమునకు ఒక ప్రసంగమేల యని మీకు తోచవచ్చును. అయితే ఆ పొర క్రింద దాగియున్న యినుము బాగున్నదో లేదో యను దానిపై బండిలో కూర్చుండువారి క్షేమము ఆధారపడియున్నది. దానిని తెలియక పెరికినచో, పెరికినవాని ఊపిరితిత్తులకే ముప్పు రావచ్చును. ఇంటి పెద్దలు ఈ రెండు సంగతులను ఎరిగియుండుట మంచిది.

మన గ్రామములలో పాతకారు అనగానే మనసునకు వచ్చునది అంబాసిడరు. కలకత్తా నగరమునకు చేరువనున్న ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారి కర్మాగారము 1950ల చివరినుండి 2014 వరకు ఆ బండ్లను తయారుచేసినది. ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు దానికి మాతృక. పెండ్లిండ్లకు, ఎన్నికలకు, అర్ధరాత్రివేళ పురిటినొప్పులు పడు స్త్రీని పట్టణపు ఆసుపత్రికి చేర్చుటకు ఎన్ని గ్రామములలో ఈ బండియే దిక్కైనదో మీకు నేను చెప్పనక్కరలేదు. నేడును కొందరు తండ్రితాతలనాటి బండిని పశువులకొట్టము ప్రక్క పాకలో భద్రపరచుకొనియున్నారు. దానిని బాగుచేయించి మరల నడిపింపవలెనని మనుమలు ముచ్చటపడుచున్నారు. అట్టివారి కొరకే ఈ మాటలు.

ముందుగా, ఈ పొరను అసలు ఎందుకు వేసిరో తెలిసికొందము. గుడిలోని గంటను మ్రోగించి, వెంటనే దానిపై అరచేయి ఆనింపుడు. నాదము తక్షణమే అణగిపోవును. చేతి మెత్తదనము గంట కంపనమును త్రాగివేయును. కారు నేల పలుచని ఇనుపరేకు. ఇంజను అదురు, చక్రముల దడదడ, క్రిందనుండి కొట్టు కంకరరాళ్ల చప్పుడు ఆ రేకును గంటవలె మ్రోగించును. దానిపై తారు, నార, ఖనిజచూర్ణము కలిపిన మందపు పట్టాను అంటించినచో, రేకు కదలినప్పుడెల్ల ఆ పట్టా సాగుచు ముడుచుకొనుచు కంపనశక్తిని కొద్దిపాటి వేడిగా మార్చివేయును. పలుచని రేకుపై అంటించిన ఇట్టి పొర రేకు అదురును ఎంతవరకు అణచునో జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఓబెర్స్ట్ 1952లో గణితముతో నిరూపించెను. తారుపట్టాపై జనపనారను అదిమిచేసిన కంబళివంటి దుప్పటిని, దానిపై రబ్బరు చాపను పరచుట వాడుక.

ఈ ఏర్పాటు క్రొత్తలో మంచిదే. కాలము గడచినకొలది దానియందే కీడు పుట్టును. ముందు అద్దము చుట్టునున్న రబ్బరు ఎండి పగులును. వానాకాలమున నీరు సన్నధారగా లోపలికి దిగును. తడికాళ్లతో ఎక్కినవారివలన మరికొంత నీరు చేరును. జనపనార దుప్పటి ఆ తడిని పీల్చుకొనును. పైన రబ్బరు చాప ఉండుటచే ఆ తడి ఆరదు. ముప్పది నలుబది వేసవుల యెండకు తారుపట్టా పెళుసెక్కి అంచులు లేచును. ఆ అంచుల సందున నీరు ప్రాకి రేకునకు, తారుకు నడుమ నిలుచును. అక్కడ గాలియాడదు, ఎండ సోకదు, కన్నుకు కనబడదు. త్రుప్పు తనపని తాను చేసికొనిపోవుచుండును. సున్నము కొట్టిన ద్వారబంధములో చెదలు పట్టినట్లే. పైకి అంతయు నున్నగా ఉండును. వ్రేలితో నొక్కిన నాడు గాని లోపలి డొల్లతనము బయటపడదు.

అది నేలయే గదా, ఒక చిల్లు పడిన నష్టమేమి యని కొందరందురు. ఇక్కడ ఒక ముఖ్యవిషయము కలదు. లారీకి క్రింద రెండు పొడవైన ఇనుపదూలములు ఉండును. ఎడ్లబండికి నొగలున్నట్లే, దాని బరువంతయు ఆ దూలములే మోయును. అంబాసిడరునకు అట్టి విడిదూలముల చట్రము లేదు. నేల, తలుపుల క్రింది గడపలు, ప్రక్కలు, పైకప్పు, అన్నియు ఒకదానికొకటి అతుకబడి ట్రంకుపెట్టెవలె ఒకే శరీరమైయున్నవి. అడుగు త్రుప్పుపట్టిన ట్రంకుపెట్టెను నిండుగా సర్ది ఎత్తిచూడుడు, అది మెలికపడును. కారు నేలయు అంతియే. పైగా ముందుసీట్ల బోల్టులు ఆ నేలలోనే దిగియుండును. నేల చివికినచో, గట్టిగా బ్రేకు వేసిననాడు సీటు తన చోట నిలుచునను నమ్మకము లేదు.

కావున పాతబండిని బాగుచేయించువారు రంగునకు, తళుకునకు పూర్వము నేలను చూడవలెను. అట్లని ప్రతిబండిలోను పొరనంతయు తీసివేయుమని నేను చెప్పను. తారుపట్టా పగుళ్లు లేక, అంచులు లేవక, రేకును గట్టిగా పట్టుకొనియుండి, క్రిందినుండి చూచినపుడు ఇనుము శుభ్రముగా నున్నచో దానిని కదపనక్కరలేదు. లేచినచోట, ఉబ్బినచోట, తట్టినపుడు డొల్లగా పలికినచోట మాత్రము తీయక తప్పదు.

తీయుటకు ముందు ఒక హెచ్చరిక. వెనుకటికాలమున తయారైన కొన్ని తారుపట్టాలలో బలము కొరకు రాతినారను, అనగా ఆస్బెస్టాసును కలిపెడివారు. మన ఇండ్లపై వేయు పాత సిమెంటు రేకులలోనున్న నారయే యిది. కదపకుండ ఉన్నంతవరకు దానివలన భయము తక్కువ. గోకినను, విరిచినను, తిరుగుడు బ్రష్షుతో రుద్దినను కంటికి కనబడని సన్నపోగులు గాలిలో లేచి ఊపిరితిత్తులలో నాటుకొనును. అవి కలిగించు క్యాన్సరు ఇరువది, ముప్పది, నలుబది ఏండ్లకు గాని బయటపడదు. పట్టాను చూచి, అందులో రాతినార కలదో లేదో ఎవ్వరును చెప్పజాలరు. చిన్నముక్కను తడిపి, మెల్లగా కోసి, మూసిన సంచిలో ప్రయోగశాలకు పంపి పరీక్షింపజేయుటయే మార్గము. ఉన్నదని తేలినచో ఆ పనిని శిక్షణపొందిన వారికి విడిచిపెట్టవలెను. తలగుడ్డను ముక్కునకు చుట్టుకొని పనిచేయుట రక్షణ కానేరదు. మన పనివాని పిల్లలు మన పిల్లలవంటివారే గదా. ఆ యువకుని చేతికి సుత్తి యిచ్చుటకు ముందు ఈ పరీక్ష చేయించుట యజమాని ధర్మము.

రాతినార లేదని తెలిసిన పిమ్మట పనికి దిగవచ్చును. మొదట బ్యాటరీ తీగను విప్పవలెను. సీట్లను, చాపలను తొలగించి, నేలపై నడచు తీగలను ప్రక్కకు కట్టవలెను. క్రింద పెట్రోలు గొట్టము ఏ దారిని పోవుచున్నదో చూచి గుర్తుపెట్టుకొనవలెను. బండిని నీడలో, నాలుగు తలుపులు తెరచి, గాలియాడుచోట నిలుపవలెను. ఇసుక బకెట్టు దగ్గర ఉంచుకొనవలెను.

తారును తీయుటకు రెండు మార్గములు కలవు. ఒకటి చలి, రెండవది వేడి. నగరములలో పొడిమంచు, అనగా డ్రై ఐసు, అమ్ముదురు. అది గడ్డకట్టిన బొగ్గుపులుసు గాలి. దాని చల్లదనము సున్నకు దిగువ డెబ్బదియెనిమిది డిగ్రీలు. చిన్నముక్కలుగా కొట్టి నేలపై పరచి కొంతసేపు ఉంచినచో తారు గాజువలె పెళుసగును. అప్పుడు చిన్నసుత్తితో తట్టిన చాలు, పెంకులు పెంకులుగా ఊడివచ్చును. ఇందు మూడు జాగ్రత్తలు. వట్టిచేతులతో ముట్టినచో నిప్పువలె చర్మమును కాల్చును, కావున మందపు తొడుగులు కావలెను. దానినుండి వెలువడు వాయువు గాలికన్న బరువైనది, పల్లమున నిలిచి ఊపిరాడకుండ చేయును, కావున తలుపులు మూసిన బండిలో పనిచేయరాదు. బిగించిన డబ్బాలో దానిని నిలువచేసినచో డబ్బా ప్రేలును.

పొడిమంచు దొరకనిచోట వేడిగాలి యంత్రముతో కొంచెము కొంచెముగా వెచ్చచేసి, రంగులవారు పాతరంగు గోకు వెడల్పాటి రేకుతో మెల్లగా లేపవలెను. తారు మెత్తపడిన చాలును, పొగరాకూడదు. ఆ పొగ మంచిది కాదు. మంటచిమ్ము దీపమును ఎన్నడును వాడరాదు. నిలువుగోడలపై పొడిమంచు నిలువదు గనుక అచ్చట ఈ పద్ధతియే గతి.

చివర మిగులు జిగురును కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడువవచ్చును. రేకు పూర్తిగా చల్లారిన పిమ్మటనే ఆ పని చేయవలెను. త్వరగా పోవునని కొందరు పెట్రోలు వాడుదురు. పెట్రోలు ఆవిరి శీతకాలపు రాత్రియందైనను ఒక్క నిప్పురవ్వకు అంటుకొనును. దానిని దగ్గరకు రానీయకుడు. ఊడిన తారుముక్కలను పొలములో తగులబెట్టకుడు, కాలువలో వేయకుడు. సంచిలో కట్టి పురపాలకసంఘమువారి చెత్తకేంద్రమునకు చేర్చుడు.

నేను దగ్గరనుండి చేయించిన ఒక మార్క్ టూ బండి సంగతి చెప్పెదను. దాని యజమాని వృద్ధుడు. మనుమరాలిని పెండ్లినాడు ఆ బండిలోనే ఊరేగింపవలెనని ఆయన కోరిక. “నేల గట్టిగానే ఉన్నదండీ, రంగు వేయించిన చాలును” అని పట్టుపట్టెను. పొర లేపిచూడగా, ముందుసీటు క్రింద అరచేయి వెడల్పున రేకు లేనేలేదు. అన్నాళ్లును సీటు బోల్టు చుట్టు పట్టుకొనియున్నది తారే గాని ఇనుము కాదు. ఆయన ఆ చిల్లును చాలసేపు చూచి, “పిల్లను వేరే బండిలో పంపుదము, దీనిని తీరికగా చేయుడు” అనెను. పెండ్లి మరియొక కారులో జరిగినది. ఆరునెలలకు మనుమరాలు అల్లునితో పండుగకు వచ్చినప్పుడు ఆ అంబాసిడరే రైలుస్టేషనుకు ఎదురువెళ్లినది.

నేల బయటపడిన పిమ్మట చేయవలసినది ఇది. ముందు నీరు వచ్చు దారిని మూయవలెను. అద్దపు రబ్బరు మార్పక నేలకు అతుకు వేయించుట, కప్పు కురియుచుండగా గచ్చు చేయించుటయే. చివికిన రేకును గట్టి ఇనుము తగులువరకు కోసి, క్రొత్తరేకును వెల్డింగు చేయింపవలెను. త్రుప్పుపైననే తారు పూసి కప్పించుట మోసము. తరువాత త్రుప్పు నాపు ప్రైమరును, రంగును వేయించి, నీరు పోవుటకు ఏర్పరచిన చిల్లులను తెరచి శుభ్రపరచి వాటి రబ్బరుమూతలను క్రొత్తవి పెట్టవలెను. చప్పుడు తగ్గింపదలచినచో నేడు బ్యూటైలు రబ్బరు పట్టాలు దొరకుచున్నవి. గంటపై అరచేయి చాలినట్లు, రేకు మధ్యభాగములలో కొంతమేర అంటించినను చాలును. అతుకులను, చిల్లులను కప్పకుండుట మేలు. అప్పుడు మరల పదియేండ్లకు చూచువారికి నేల కనబడును.

పెద్దలారా, బండిలో చప్పుడు వినబడకుండుట సుఖమే. కాని చప్పుడు అణచుటకు వేసిన పొర చప్పుడుతోపాటు ఇనుము గోడును కూడ అణచివేయును. కావున మీ యింటి పాతబండికి మెరుగులు దిద్దించుటకు మునుపు, ఒక దినము చాప ఎత్తించి, నేలను తట్టించి, అది ఏమని పలుకుచున్నదో వినుడు. పరీక్ష చేయించి, తొందరపడక, పనివాని ఊపిరిని మీ ఊపిరివలె కాపాడుచు ఆ పొరను తీయింపుడు. అటుపిమ్మట ఆ బండిలో మీ మనుమలను నిశ్చింతగా కూర్చుండబెట్టవచ్చును.