కాలి వాపు - కనబడని కాలువలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



కాలు వాచినచో బోదకాలని నిశ్చయించుట కోస్తా గ్రామములందు పరిపాటి. కాని గుండెజబ్బు, మూత్రపిండముల జబ్బు, సిరలలో రక్తము గడ్డకట్టుట, వీనివలనను కాలు వాచును. కారణము వేరైనచో చికిత్సయు వేరగును.

రక్తనాళములు పంటకాలువలైనచో శోషరస నాళములు మురుగుకాలువలు. ఒడలిలో మిగిలిన నీటిని గ్రహించి, గజ్జలలోని గ్రంథులగుండ నడపి, మరల రక్తమున చేర్చును. ఆ గ్రంథులు వాచినపుడే జనులు బిళ్ళకట్టినదందురు. సుశ్రుతుడు బోదకాలిని శ్లీపదమని వర్ణించి, నిలువనీరు గల దేశములందది హెచ్చని చెప్పెను. ఫైలేరియా క్రిమి దోమయొడలిలో పెరుగునని 1877లో పాట్రిక్ మాన్సన్ చైనాలో కనుగొనెను. ఆ క్రిమి శోషరస నాళములలో కాపురముండి వానిని పాడుచేయును.

ఈ నాళములు మిక్కిలి సన్ననివి. సామాన్యమైన ఎక్సురేకు గోచరింపవు. అందుచేత వైద్యులు టెక్నీషియం-99ఎం అను అణుధార్మిక పదార్థమును సూక్ష్మరేణువులకు జతచేసి, కాలివ్రేళ్ళ సందున చర్మములోనికి రవ్వంత సూదితో ఎక్కింతురు. దాని ధార్మికశక్తి 6 గంటలలో సగమగును. రేణువులు శోషరసముతో పైకి సాగుచుండ, గామా కెమెరా వాని కిరణములను గ్రహించి చిత్రము నిర్మించును. దారి బాగున్నచో సన్నని గీతలు కాలివెంబడి కనబడి, గంటలోపల గజ్జలలోని గ్రంథులు వెలుగును. దారి చెడినచో గ్రంథులు ఆలస్యముగా కనబడును, లేదా కనబడనే కనబడవు. రసము గట్టుతెగిన మురుగువలె చర్మమంతట అలముకొనును.

1990 దశకమున బ్రెజిలు దేశములో, రక్తమున క్రిమి యుండియు కాలు వాయనివారిని ఇట్లు పరీక్షించిరి. వారి నాళములందును వికారము కానవచ్చెను. చూపునకు చక్కనైన కాలు సైతము లోలోపల చెడుచుండెనన్నమాట! ఫైలేరియా ప్రాంతములందు 2004 నుండి ప్రభుత్వము సామూహికముగా పంచిన మాత్రలను, "నాకేమి జబ్బు?" అని పారవేసినవారు ఈ సంగతి నెరుగవలెను.

చిత్రము వ్యాధిని మాన్పదు. ఎచ్చట చెడినదో తెలుపును. తరువాతి పని రోగిచేతను, ఇంటివారిచేతను కలదు. ప్రతిదినము సబ్బుతో పాదము కడిగి, వ్రేళ్ళసందులు తడిలేకుండ తుడిచి, చిన్నపుండునైనను అశ్రద్ధచేయక, కూర్చున్నపుడు కాలెత్తి పెట్టుకొనినచో జ్వరపుపోట్లు తగ్గును. బోదకాలు గలవానిని పంక్తిలో దూరముగా కూర్చుండబెట్టుట అన్యాయము. తాకుటవలన ఆ రోగము రాదు, దోమకాటువలన వచ్చును. దూరముంచవలసినది ఇంటిముందటి మురుగుగుంటను.