పౌరుషగ్రంథి వాపు – చికిత్స

పురుషులలో మూత్రాశయము క్రింద, మూత్రనాళమును చుట్టి, పెద్ద ఉసిరికాయంత గ్రంథి యొకటి యుండును. అదియే పౌరుషగ్రంథి. దాని వాపు ముదుసలులకే వచ్చుననుట పొరపాటు. 50 ఏండ్లలోపు వారికిని తరచుగా వచ్చును.

సూక్ష్మజీవులు చేరి వాచినచో చలిజ్వరము, మూత్రమున మంట, పొత్తికడుపున నొప్పి కలుగును. వైద్యులు మూత్రమును పరీక్షించి, సాధారణముగా 2 నుండి 4 వారములు యాంటీబయాటిక్ మందుల నిత్తురు. మంట తగ్గినదని నడుమ మానరాదు. మానినచో వ్యాధి తిరుగబెట్టవచ్చును.

3 నెలలకు మించి బాధించు వాపులో పెక్కుసార్లు సూక్ష్మజీవులే కానరావు. అప్పుడు నొప్పి మందులు, మూత్రధారను సులభపరచు మందులు, గోరువెచ్చని తొట్టిస్నానము, కటి కండరముల వ్యాయామము ఉపశమనము నిచ్చును.

జ్వరముతో మూత్రము బంధించినచో తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి పోవలెను. సిగ్గుపడరాదు. దాచిన వ్యాధి ముదురును. చెప్పిన వ్యాధి కుదురును.