చిత్రపటములకు ఫోటో తీయు విధము
(ప్రసంగ పాఠము)



నూరేండ్ల చరిత్ర వ్రాయబూనినప్పుడు మనము రిజిస్టర్లను, మినిట్స్ పుస్తకములను వెదకుదుము గాని, గోడమీది చిత్రపటములను మరచిపోవుదుము. మన కృష్ణా డెల్టాలో తేమ, చెదలు, తుపాను వాటికి శత్రువులు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణములను తీసికొనిపోయెను. ఇండ్లే నిలువని చోట గోడమీది పటము నిలుచునా? బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటర్జీ గారు చిత్రకళ నేర్పిరి. అడివి బాపిరాజు గారు వారి శిష్యులు. అంతటి కళ పెరిగిన నేల ఇది. ఇచ్చట ఒక పటము పాడైపోయినను, దాని నమ్మకమైన ఫోటో ఒకటైనను పిల్లలకు మిగులవలెను. అది ఎట్లు తీయవలెనో మేము నేర్చుకొన్నంత మట్టుకు మనవి చేయుదుము.

మొదటిది లెన్సు. గది ఇరుకని వైడ్ యాంగిల్ లెన్సు పెట్టరాదు; చట్రము అంచులు పీపావలె ఉబ్బి కనబడును. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 50 మొదలు 100 మి.మీ. వరకు ఏ లెన్సైనను చాలును. మాక్రో లెన్సు దొరికిన మరీ మేలు. అది అంచుల వరకు స్పష్టముగా చూపును. చిన్న సెన్సరు కెమెరాకు 50 మి.మీ. సరిపోవును. సెల్‌ఫోను వారు 2 రెట్ల లెన్సు ఎంచుకొని వెనుకకు జరుగవలెను. కెమెరాలో అపర్చరు ఎఫ్ 8, ఐ.ఎస్.ఓ. 100 ఉంచి, ట్రైపాడ్ మీద టైమరుతో తీసినయెడల షట్టరు నెమ్మదియైనను భయము లేదు.

రెండవది తిన్నదనము. లెన్సు నడిబొడ్డు పటము నడిబొడ్డుకు ఎదురుగా ఉండవలెను. పటము నిలుపు పలకమీద ముందుగా చిన్న అద్దము ఆనించి చూడుడి. అందులో మన లెన్సు నీడ సరిగా నడుమ కనబడిన, కెమెరా తిన్నగా నున్నట్లే.

మూడవది వెలుగు. కెమెరా మీది ఫ్లాష్ వద్దు. ఒకే రకపు దీపములు రెండు, ఇరువైపుల 45 డిగ్రీల వాలున పెట్టి, కిటికీలు మూయవలెను. ట్యూబులైటు, పగటి వెలుగు కలిసినచో రంగులు చెడును. దీపములు లేనివారు మబ్బు దినమున వరండా నీడలో తీయవచ్చును. విజయవాడ ఎండలో మాత్రము పెట్టరాదు. తైలవర్ణ పటము చెరువు నీటివలె మెరయును. దీపములను కొంచెము ప్రక్కకు జరిపి, పోలరైజింగ్ ఫిల్టరు వాడుడి. పటము గాజుకు అంటుకొనియున్నచో ఊడదీయవద్దు; కెమెరా వెనుక నల్లగుడ్డ కట్టుడి. పెడన కలంకారీ గుడ్డకు మెరుపు బాధ లేదు గాని, దాని రంగులు వెలుగుకు వెలియును. దీపములు ఎక్కువసేపు వెలిగించరాదు.

చివరి మాట. మొదటి ఫోటోలో పటము ప్రక్కన బూడిదరంగు కార్డు ఉంచుడి. రంగు సరిచూచుటకు అదే కొలత. పిమ్మట కంప్యూటరులో రంగులు పెంచి అందముచేయు శోధన కలుగును. లొంగవద్దు. వెలిసిన నీలమును వెలిసినట్లే చూపుట సాక్ష్యము. మెరుగు దిద్దుట మన కల్పన. పటము పేరు, కొలతలు, తేదీ వ్రాసి, రెండు ప్రతులు రెండు ఊళ్లలో దాచుడి. ఒకే బీరువాలో దాచినది ఒకే వరదకు పోవును.

సెలవు.